నల్లా మీటరు, ఇంటి హక్కు

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సంవత్సరం మేము ఎన్నుకున్న విషయం వినగానే కొందరు మిత్రులు నవ్వారు. "వార్షిక సభలో చదువుల గురించి చెబుతారు, ఉద్యోగాల గురించి చెబుతారు. నల్లా మీటరు గురించి చెప్పడానికేముంది?" అన్నారు. ఉంది. మన సంఘం ఆఫీసు గడప తొక్కే కుటుంబాల చేతుల్లో స్కాలర్‌షిప్ ఫారాలతో పాటు తరచుగా మాకు కనిపించేది నల్లా బిల్లే. ఆ బిల్లు విప్పి చూస్తే లోపల నీళ్ళ సంగతి కొంచెమే ఉంటుంది. మిగిలిందంతా ఇంటి సంగతి, ఇంట్లో అన్నదమ్ముల సంగతి, అక్కచెల్లెళ్ళ సంగతి. అందుకని ఈ విషయాన్ని కొంచెం వివరంగా మీ ముందుంచాలని అనుకున్నాము. ఓపికగా వినవలసిందిగా మనవి.

నీళ్ళు ఎక్కడివి, మీటరు ఎందుకు?

1908 సెప్టెంబరులో మూసీ నదికి వచ్చిన వరద గురించి మన ఇళ్ళలో పెద్దలు చెప్పుకునేవారు. ఆ వరద తర్వాతనే నది పైభాగాన రెండు జలాశయాలు కట్టారు. 1920లో ఉస్మాన్‌సాగర్, అంటే మనం గండిపేట అనేది, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయినాయి. వరదను ఆపడం, పట్నానికి తాగేనీళ్ళు ఇవ్వడం, ఈ రెండూ వాటి ప్రయోజనాలు. ఆ నీళ్ళు ఊరికి దగ్గరివి. ఊరు పెరిగింది, ఆ నీళ్ళు చాలలేదు. 1965లో మంజీర నీళ్ళు వచ్చాయి. 2004లో కృష్ణ నీళ్ళు, 2015లో గోదావరి నీళ్ళు వచ్చాయి. కృష్ణ అయినా గోదావరి అయినా వంద కిలోమీటర్లకు పైగా దూరం నుంచి మోటార్లతో ఎత్తిపోస్తే గాని మన సంపులోకి రావు. గండిపేట కాలంలో నీరు దగ్గరిది, ఇప్పుడు దూరపుది. దూరపు నీటికి లెక్క ఉండక తప్పదు.

ఆ లెక్క చూడడానికే 1989లో చట్టం చేసి హైదరాబాదు జలమండలిని ఏర్పాటు చేశారు. నల్లా కనెక్షన్ ఇవ్వడం, మీటరు పెట్టడానికి అనుమతించడం, బిల్లు వేయడం ఆ మండలి పని. చాలా ఏళ్ళ పాటు ఎన్నో ఇళ్ళలో మీటరు ఉన్నా ఆడేది కాదు, కొన్ని ఇళ్ళలో అసలే లేదు. నెలకింత అని ఒక అంచనా బిల్లు వచ్చేది, కట్టేవాళ్ళు కట్టేవారు. ఎవరికీ పట్టింపు ఉండేది కాదు.

ఆ పరిస్థితి 2020 డిసెంబరు నుంచి మారింది. గృహ కనెక్షన్లకు నెలకు 20 వేల లీటర్ల వరకు ఉచితం అన్నారు. 2021 జనవరి 12న ఆ పథకాన్ని లాంఛనంగా ప్రారంభించారు. బస్తీల వారికి మీటరు అవసరం లేదన్నారు. మిగతా ఇళ్ళకు మాత్రం రెండు షరతులు పెట్టారు. ఒకటి, పనిచేసే మీటరు ఉండాలి. రెండు, బిల్లు మీద ఉండే వినియోగదారు నంబరుకు, అంటే క్యాన్ నంబరుకు, ఆధార్ జత చేయాలి. ఫ్లాట్లున్న బిల్డింగులకు ఒక్కో ఫ్లాటుకు 20 వేల లీటర్ల చొప్పున లెక్క కట్టారు. గడువులు ఇచ్చారు, పొడిగించారు. అప్పుడు అందరూ మీటర్ల కోసం పరుగులు తీశారు. ఆ పరుగులోనే మన కుటుంబాల అసలు ఇబ్బంది బయటపడింది.

బిల్లు మీద ఎవరి పేరు?

మీటరు అంటే బజారులో కొని ప్లంబరును పిలిచి పెట్టించుకునే వస్తువు అని చాలామంది అనుకుంటారు. అది సరికాదు. బోర్డు గుర్తించిన రకం మీటరే తేవాలి, అనుమతి తీసుకున్న తర్వాతే బిగించాలి, బిగించాక సీలు వేయించాలి. సీలు తీయడం, మీటరు తప్పించి పైపు కలపడం చట్టరీత్యా తప్పు. ఇంతవరకు ఇబ్బంది లేదు. దరఖాస్తు మీద సంతకం ఎవరు పెట్టాలి అన్న దగ్గర బండి ఆగిపోతుంది.

కనెక్షన్ ఎవరి పేరుతో ఉందో వారు పెట్టాలి. మన ఇళ్ళలో బిల్లు మీద ఎవరి పేరు ఉంటుంది? నాన్నగారి పేరు, లేదంటే తాతగారి పేరు. వారు ఎప్పుడో అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. బిల్లు మాత్రం ఇంకా వారి పేరు మీదనే వస్తోంది, మనమూ కడుతున్నాము. కొన్ని ఇళ్ళలో అయితే పన్ను రసీదు ఒకరి పేరు మీద, కరెంటు బిల్లు ఇంకొకరి పేరు మీద, నల్లా బిల్లు మూడో వారి పేరు మీద ఉంటుంది. ముగ్గురూ ఒకే ఇంటి వారే. అయితే ఆఫీసులో కూర్చున్న గుమాస్తాకు ఆ బంధుత్వం కాగితం చెబితేనే తెలుస్తుంది.

అంటే మీటరు దరఖాస్తు పైకి నీళ్ళ గురించి అడిగినా, లోపల "ఈ ఇల్లు ఎవరిది?" అని అడుగుతోంది. ఈ ప్రశ్నకు జవాబు సిద్ధంగా లేని ఇల్లు మీటరు దగ్గరే కాదు, బ్యాంకు దగ్గర, పన్ను దగ్గర, కట్టుబడి అనుమతి దగ్గర, అన్నిచోట్లా ఆగిపోతుంది.

ఒక ఇంటి సంగతి

మా దగ్గరికి వచ్చిన ఒక కుటుంబం సంగతి చెబుతాము. పేర్లు, ఊళ్ళు చెప్పడం మర్యాద కాదు కనుక చెప్పము. వంద గజాల పాత ఇల్లు. తండ్రి మరహూమ్. తల్లి ఉన్నారు. ఇద్దరు కొడుకులు ఆ ఇంట్లోనే కింద ఒకరు, పైన ఒకరు ఉంటున్నారు. ఒక కూతురు, వేరే ఊళ్ళో అత్తవారింట ఉంది. ఇంటి ముందు ఒక మల్గి, దానికి అద్దె వస్తుంది.

చిన్న కొడుకు మీటరుకు దరఖాస్తు పెట్టాడు. కనెక్షన్ తండ్రి పేరు మీద ఉంది కాబట్టి వారసులందరి అంగీకారం కావాలని కాగితం తిరిగొచ్చింది. అతను మా దగ్గరికి వచ్చి, "అన్నయ్య సంతకం ఉంది, అమ్మ వేలిముద్ర వేస్తుంది. చెల్లెలి సంతకం మేమే పెట్టేస్తాము, ఆమె ఏమీ అనుకోదు" అన్నాడు. మేము ఒప్పుకోలేదు. ఒకరి సంతకం ఇంకొకరు పెట్టడం చట్టం దృష్టిలో ఫోర్జరీ, దీన్ దృష్టిలో అబద్ధపు సాక్ష్యం. చెల్లెల్ని పిలిపించమన్నాము.

ఆమె భర్తతో కలిసి వచ్చింది. అప్పటికే బయట టైపు చేయించిన కాగితం ఒకటి ఆమె ముందు పెట్టారు. ఆమె నెమ్మదిగా మొత్తం చదివింది. చదివి ఇలా అన్నది. "భాయ్‌జాన్, అమ్మ ఉండే ఇంటికి నీళ్ళ మీటరు పెడతామంటే నేనెందుకు అడ్డుపడతాను? సంతకం పెడతాను. కాని ఇందులో 'నాకు ఈ ఇంటిలో ఎలాంటి హక్కు లేదు' అని రాసి ఉంది. మీటరుకు నా అభ్యంతరం లేదని రాయండి చాలు. హక్కు లేదని మాత్రం రాయకండి."

గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అన్నలకు అందులో దురుద్దేశం లేదని మాకు తెలుసు. టైపు చేసినవాడు తన దగ్గరున్న పాత నమూనానే కొట్టి ఇచ్చాడు, వాళ్ళు చదవకుండా తెచ్చారు. అయినా ఆ ఒక్క వాక్యం కింద సంతకం పడి ఉంటే రేపు వాళ్ళ పిల్లల మధ్య ఎంత గొడవ! 'అభ్యంతరం లేదు' వేరు, 'హక్కు లేదు' వేరు. ఈ తేడాను ఆ అమ్మాయి చెప్పినంత స్పష్టంగా మేము కూడా ఇంతకు ముందు ఎవరికీ చెప్పలేదు. అందుకే ఈ సభలో చెబుతున్నాము.

నలభై భాగాల లెక్క

ఆ రోజే పెద్దలు కూర్చుని లెక్క కట్టారు. 1937 నాటి షరియత్ అన్వయ చట్టం ప్రకారం మన ఆస్తుల వారసత్వం షరియత్‌ను బట్టి నడుస్తుంది. సూరా నిసాలో వాటాలు నిర్ణయమై ఉన్నాయి. సంతానం ఉన్నప్పుడు భార్యకు ఎనిమిదో వంతు. మిగిలిన దానిలో కొడుకుకు రెండు వంతులైతే కూతురికి ఒక వంతు. ఈ కుటుంబంలో తల్లి, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. ఆస్తిని నలభై భాగాలనుకుంటే తల్లికి 5, ఒక్కో కొడుక్కి 14, కూతురికి 7. వంద గజాల్లో చూస్తే తల్లికి పన్నెండున్నర గజాలు, కొడుకులకు చెరి 35 గజాలు, కూతురికి పదిహేడున్నర గజాలు. అప్పులుంటే, వసియత్ ఉంటే ముందు అవి తీర్చి ఆ తర్వాత ఈ వాటాలు.

పదిహేడున్నర గజాలను గోడ కట్టి విడదీసి చూపలేము నిజమే. అంతమాత్రాన అవి లేకుండా పోవు. ఆ అన్నదమ్ములు లెక్కను కాగితం మీద రాసి, అందరూ సంతకాలు చేసి దాచుకున్నారు. మల్గి అద్దె నెలకు 8,000 రూపాయలు. దానిలో చెల్లెలికి 1,400, తల్లికి 1,000 ఆ నెల నుంచే ఇవ్వడం మొదలుపెట్టారు. చెల్లెలు అభ్యంతరం లేదని వేరే కాగితం మీద రాసి ఇచ్చింది. మీటరూ వచ్చింది.

మనలో చాలామంది ఐదు పూటలా నమాజు చేస్తారు, రోజాలు ఉంటారు, జకాత్ పైసాతో సహా లెక్క కడతారు. చెల్లెలి వాటా దగ్గరకు వచ్చేసరికి, "ఆమె పెళ్ళికి ఖర్చు పెట్టాము కదా" అంటారు. పెళ్ళి ఖర్చు వేరు, వరాసత్ వేరు. పెళ్ళిలో ఇచ్చింది మన ఇష్టంతో ఇచ్చింది, వాటా అల్లాహ్ నిర్ణయించింది. మన ఇష్టం పేరు చెప్పి అల్లాహ్ నిర్ణయాన్ని రద్దు చేసే అధికారం ఏ అన్నకూ లేదు.

పేరు మారితే ఇల్లు పోదు

ఇక్కడ అక్కచెల్లెళ్ళకు, అన్నదమ్ములకు ఇద్దరికీ ఒక మాట. నల్లా బిల్లు, పన్ను రసీదు ఎవరి పేరు మీద ఉంటే ఇల్లు వారిదైపోదు. అవి బిల్లు ఎవరు కట్టాలో చెప్పే కాగితాలు, యాజమాన్య పత్రాలు కావు. కాబట్టి తమ్ముడి పేరు మీదకు కనెక్షన్ మారిస్తే మన వాటా పోతుందేమోనని అక్క భయపడనక్కర లేదు. అలాగే బిల్లు నా పేరు మీద ఉంది గనుక ఇల్లంతా నాదేనని తమ్ముడు అనుకోనూ కూడదు. స్థిరాస్తిలో హక్కు వదులుకోవాలంటే దానికి రిజిస్టరు చేసిన విడుదల దస్తావేజు కావాలి. టైపు కాగితం మీద ఒక వాక్యంతో అది తేలిపోదు. అయితే అలాంటి వాక్యం కోర్టుల చుట్టూ తిప్పడానికి మాత్రం చాలా పనికొస్తుంది. అందుచేత చదవకుండా సంతకం వద్దు, చదివించకుండా సంతకం అడగవద్దు.

ఇంకొక సందేహం హిబాకు సంబంధించింది. "నాన్నగారు బతికుండగానే ఈ ఇల్లు నాకు హిబా చేశారు" అని కొందరు వస్తారు. హిబాకు మూడు షరతులు. ఇచ్చేవారు ఇస్తున్నానని ప్రకటించాలి, పుచ్చుకునేవారు ఒప్పుకోవాలి, ఆస్తిని స్వాధీనం చేయాలి. ఈ మూడూ ఉంటే నోటిమాట హిబా కూడా చెల్లుతుంది. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టంలోని 129వ సెక్షన్ దీన్ని గుర్తించింది. హిబాను కాగితం మీద రాసుకున్నంత మాత్రాన రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదని 2011లో సుప్రీంకోర్టు కూడా తీర్పు చెప్పింది. చట్టం సంగతి ఇది. ఇకపోతే ఆఫీసు బల్ల దగ్గర సాక్ష్యం లేని నోటిమాట నిలబడడం కష్టం. అందుకని హిబా చేసేవారు సాక్షుల ముందు చేసి, తేదీ వేసి, స్వాధీనం ఇచ్చినట్టు స్పష్టంగా రాసుకోవాలి. వీలైతే రిజిస్టరు చేయించడమే మేలు. ఒక్క కొడుక్కి అంతా రాసి మిగతా పిల్లల్ని వట్టి చేతులతో వదలడం చట్టానికి పట్టుబడకపోవచ్చు. పిల్లల మధ్య సమానంగా ఇవ్వమన్న మన ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం బోధకు అది విరుద్ధం.

వరుసగా చేయవలసిన పనులు

ఇప్పుడు మీటరు కావలసిన కుటుంబం చేయవలసిన పనులు చెబుతాము. రాసుకునేవారు రాసుకోండి.

మొదట బిల్లు తీసి చూడండి. క్యాన్ నంబరు, పేరు, ఇంటి నంబరు సరిగా ఉన్నాయా? పన్ను రసీదు మీది ఇంటి నంబరుతో సరిపోతుందా? బకాయి ఎంత ఉంది? బకాయి పెట్టుకుని అనుమతికి వెళ్తే మాట అక్కడే ఆగుతుంది. బకాయి ఎక్కువైతే వాయిదాలు అడగండి, అడగడంలో నామోషీ లేదు.

రెండవది, పేరున్న వారు గతించి ఉంటే మరణ ధ్రువీకరణ పత్రం తీసుకోండి. తహసీల్దారు కార్యాలయం ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రానికి మీసేవలో దరఖాస్తు పెట్టండి. దానిలో ఆడపిల్లల పేర్లు రాయకుండా వదలడం కొన్నిచోట్ల చూశాము. అది ప్రభుత్వానికి అబద్ధం చెప్పడమే, తర్వాత ఆ పత్రమే మన మెడకు చుట్టుకుంటుంది. తల్లి పేరు, కూతుళ్ళ పేర్లు, విదేశాల్లో ఉన్న కొడుకుల పేర్లు అన్నీ ఉండాలి.

మూడవది, వారసులందరి దగ్గర అభ్యంతరం లేదన్న కాగితం తీసుకుని కనెక్షన్‌ను ఒకరి పేరు మీదకు మార్పించండి. జెద్దాలోనో, దుబాయిలోనో ఉన్న అన్న సెలవు మీద వచ్చినప్పుడే ఈ పని చేయించుకోండి. పెళ్ళి పిలుపులకు దొరికే సమయం దీనికి దొరకదా?

నాలుగవది, అద్దెకుండే వారు సొంతంగా దరఖాస్తు చేయలేరు, యజమాని చేయాలి. యజమాని సభలో ఉంటే దయచేసి ఆ పని వాయిదా వేయకండి. మీ అద్దెదారు ఇంట్లో కూడా పిల్లలున్నారు.

ఐదవది, దళారికి డబ్బిచ్చి పని చేయించుకోవద్దు. తెలియనిది తెలుసుకోవడానికి జలమండలికి 155313 అనే నంబరు ఉంది. అర్జీ ఇచ్చినప్పుడు రసీదు తీసుకోండి. రసీదు లేని అర్జీ గాలిలో దీపం.

ఆరవది, ఒక అన్నదమ్ముల ఇంట్లో మూడు పొయ్యిలు, ఒక నల్లా ఉంటే బిల్లు పంపకం దగ్గర మనస్పర్థలు వస్తాయి. బోర్డు మీటరు ఒకటే ఉంటుంది, దాని మీదే బిల్లు వస్తుంది. మోటారు దాటిన తర్వాత ఒక్కో వాటాకు పోయే పైపు మీద మీ సొంతంగా చిన్న మీటర్లు పెట్టుకుని వాడకాన్ని బట్టి పంచుకోవచ్చు. వదినా మరదళ్ళ మధ్య మాట పెరగకుండా ఉంటుంది.

మీటరు బిగించేటప్పుడు, చదివేటప్పుడు

ఇంటి కనెక్షన్‌కు సామాన్యంగా అర అంగుళం, అంటే 15 మిల్లీమీటర్ల మీటరు సరిపోతుంది. ఇళ్ళ నీటి మీటర్లకు భారత ప్రమాణం నంబరు 779. మీటరుతో పాటు పరీక్ష పత్రం అడిగి తీసుకోండి. మీటరు పైన బాణం గుర్తు ఉంటుంది, అది నీళ్ళు పారే దిక్కుకు ఉండాలి. మీటరును సంపుకు ముందు, అడ్డంగా, సమమట్టంగా, చదవడానికి వీలైన చోట బిగించాలి. బిగించిన రోజున అంకెలు ఎంత చూపుతున్నాయో ఫొటో తీసి తేదీ రాసి పెట్టుకోండి. ఆధార్ జత చేయించుకోవడం మరువకండి.

మీటరు మీద నల్ల అంకెలు కిలోలీటర్లు, అంటే వెయ్యి లీటర్ల లెక్క. ఎర్ర అంకెలు దానికి లోపలి లీటర్లు. పోయిన నెల 412, ఈ నెల 429 ఉంటే మీరు వాడింది 17 కిలోలీటర్లు, ఇరవై లోపలే. ఎనిమిదో తరగతి చదివే ఆడపిల్ల ఈ లెక్క చేయగలదు. ప్రతి నెలా ఒకటో తేదీన ఇంట్లో పిల్లల చేత అంకె చదివించి క్యాలెండరు మీద రాయించండి. బిల్లు తేడాగా వస్తే మాట్లాడడానికి మీ చేతిలో ఆధారం ఉంటుంది.

మన నల్లాలో నీళ్ళు రోజంతా రావు, వచ్చిన వేళ సంపులో నిండుతాయి. మీటరు కొలిచేది ఆ సంపులో పడే నీళ్ళనే. అందుచేత సంపులో తేలే బంతి చెడిపోయి నీళ్ళు పొర్లితే ఆ నష్టమంతా మీటరులో ఎక్కుతుంది. నల్లా వచ్చే వేళ సంపు నిండాక మీటరు ఇంకా తిరుగుతోందంటే ఎక్కడో కారుతోందని అర్థం. మీటరు మీద ఉండే చిన్న చక్రం అతి సన్నని ధారకు కూడా తిరుగుతుంది, దాన్ని చూడండి. సంపు దాటాక పైన ట్యాంకులో, పైపులో కారేది మాత్రం మీటరు చెప్పదు, మన కళ్ళే చెప్పాలి.

కొందరు నల్లా పైపుకే మోటారు తగిలించి లాగుతారు. దానివల్ల పొరుగింటికి నీళ్ళు అందవు. పైపుకు ఎక్కడైనా చిల్లు ఉంటే చుట్టుపక్కల మురికి కూడా లోపలికి వస్తుంది. పొరుగువాడి హక్కు గురించి మన దీన్‌లో ఎంత చెప్పారో మీకు తెలియనిది కాదు. మదీనాలో నీళ్ళకు కరువుగా ఉన్నప్పుడు హజ్రత్ ఉస్మాన్ రజియల్లాహు అన్హు రూమా బావిని సొంత డబ్బుతో కొని అందరికీ వక్ఫ్ చేశారు. పొరుగువాడి నీళ్ళు లాగేసి, ఆ నీళ్ళతోనే వజూ చేసి, ఆయన పేరు చెప్పుకోవడం మనకు శోభించదు.

వజూ లెక్క

వజూ మాట వచ్చింది కనుక చిన్న లెక్క చెప్పి ముగిస్తాము. సగం తిప్పిన కొళాయి నిమిషానికి 6 లీటర్లు వదులుతుందనుకుందాం. కొళాయి ఆపకుండా మూడు నిమిషాలు వజూ చేస్తే 18 లీటర్లు. రోజుకు ఐదుసార్లకు 90 లీటర్లు. ఇంట్లో నమాజు చేసే పెద్దలు నలుగురు ఉంటే నెలకు 10,800 లీటర్లు. ఉచితంగా దొరికే 20 వేల లీటర్లలో సగానికి పైన వజూ దగ్గరే జారిపోతుంది. అదే ఒక లీటరు పట్టే లోటాతో చేస్తే నలుగురికీ కలిపి నెలకు 600 లీటర్లు చాలు. మన ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం ఒక ముద్ నీటితో వజూ చేసేవారని హదీసు గ్రంథాల్లో ఉంది. ముద్ అంటే నిండు దోసిలి. లోటా మనకు కొత్త కాదు, మన ఇళ్ళలో ఉండేదే. కొళాయి వచ్చాక మూలన పడింది.

పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు చాలునని నీటి సరఫరా ఇంజనీర్ల అంచనా. ఐదుగురున్న ఇంటికి నెలకు అది ఇరవై వేల చిల్లర అవుతుంది. అంటే జాగ్రత్తగా ఉండే కుటుంబానికి ఇరవై వేలు సరిగ్గా సరిపోయే లెక్క. మీటరు మనకు శత్రువు కాదు. దుబారా చేసేవాడికి మాత్రమే అది శత్రువులా కనిపిస్తుంది.

మా విన్నపం

సోదర సోదరీమణులారా, సంఘం తరఫున మీకు మూడు విన్నపాలు. ఇంటికి వెళ్ళగానే నల్లా బిల్లు తీసి దాని మీద ఉన్న పేరు చదవండి. ఆ పేరు గల వారు మన మధ్య లేకపోతే ఈ ఏడాది లోపల వారసుల కాగితాలు సరిచేసుకోండి. ఆ కాగితాల్లో తల్లికి, అక్కకు, చెల్లెలికి ఉన్న వాటా స్పష్టంగా రాయండి, వాటా నుంచి వచ్చే ఆదాయం ఉంటే ఇవ్వండి. ఫారాలు నింపడానికి, కాగితాలు చదివి చెప్పడానికి సంఘం ఆఫీసులో మేము ఉన్నాము, రుసుము లేదు. అయితే ఒక షరతు ఉంది. 'హక్కు లేదు' అనే మాటతో వచ్చే కాగితాన్ని, సంతకం పెట్టవలసిన అక్కచెల్లెలు స్వయంగా వచ్చి చదువుకుంటే తప్ప మేము ముట్టుకోము.

ఇల్లు ఎవరిదో తేలిన చోట నీళ్ళు వాటంతట అవే వస్తాయి. అందరి వాటాలూ అందరికీ ముట్టిన ఇళ్ళలో అల్లాహ్ బర్కత్ కురిపించుగాక, ఆమీన్.